కనెక్టరు మీది కుంకుమ

మా యజమానికి వెలుగంటే ట్యూబులైటు. ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదని ఆయన నమ్మకం. భిలాయిలో పవర్ హౌస్ అనే పేట మార్కెట్లో ఏళ్ళ తరబడి కేబుల్ టీవీ నడిపాడు. ఆ రోజుల్లో ఎవరింట్లోనైనా బొమ్మ మీద చుక్కలు పడితే ఆయన దగ్గర ఒకటే వైద్యం ఉండేది: దారిలో ఇంకో యాంప్లిఫయర్ తగిలించడం. ఆ ఇంట్లో చుక్కలు పోయేవి. పక్కింట్లో కొత్తగా పడేవి. అక్కడ ఇంకోటి తగిలించేవాడు. కాలం మారిందని ఎవరో చెప్పగా, రాగితీగ తీసేసి గాజుపోగు వేసి ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టాడు గానీ, బుర్రలో తీగ మాత్రం పాతదే ఉంచుకున్నాడు.

నేను ఆయన దగ్గర నెట్‌వర్కు చూసుకునేవాణ్ణి. చూసుకోవడమంటే, తెలియనివాళ్ళు పాడుచేసినదాన్ని తెలియనివాళ్ళు పక్కన నిలబడి సలహాలిస్తుండగా బాగుచేయడం. విజిటింగ్ కార్డు మీద నన్ను చీఫ్ అని వేయించాడు. నా కింద ఉన్నది ఒక్కడే, యజమాని మేనల్లుడు. వాడు నా మాట వినక్కర్లేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పనంతా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ఆ వీడియోలు కూడా సగంలో ఆపేసేవాడని నా అనుమానం. మెషీన్ల పాస్‌వర్డులన్నీ వాడి దగ్గరే ఉండేవి. ఇంటివాడు కదా.

ఈ వ్యాపారంలో అందరూ పంపేదాని గురించే మాట్లాడతారు. లేజరు ఎంత బలమైనది, స్పీడు ఎంత అని. అందుకునేదాన్ని ఎవడూ పట్టించుకోడు. గాజుపోగు చివర మెషీనుకి తగిలించే వేలెడంత మాడ్యూల్‌లో ఒక మూల, ఆవగింజ కన్నా చిన్న ముక్కగా కూర్చుని ఉంటుంది రిసీవర్. కిలోమీటర్ల పొడవు గాజులో అరిగి అరిగి వచ్చిన వెలుగుని పట్టుకుని, ఇది ఒకటా సున్నానా అని సెకనులో కోట్ల సార్లు తేల్చి, కరెంటుగా మార్చి లోపలికి పంపుతుంది. వెలుగు మరీ తగ్గితే తప్పులు చదువుతుంది. అది అందరికీ అర్థమవుతుంది. వెలుగు మరీ ఎక్కువైనా చెడుతుందన్నది మాత్రం నేను ఎన్నిసార్లు చెప్పినా మా ఆఫీసులో ఎవరికీ ఎక్కలేదు. ఎనభై కిలోమీటర్ల అవతలి వెలుగుని పట్టడానికి చేసిన రిసీవర్లు ఉంటాయి, అవి మరీ సున్నితం. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఊదినవాడి ఊపిరే దండగ. గుసగుస వినడానికి చెవి ఒగ్గినవాడి చెవిలో ఊదితే మాత్రం వాడు చెవిటివాడవుతాడు. అందుకే అలాంటివాటిని దగ్గరి దూరాల్లో వాడాల్సి వస్తే, వెలుగుని కావాలనే తగ్గించే బిరడాలాంటి వస్తువొకటి మధ్యలో పెడతారు. అటెన్యుయేటర్ అంటారు దాన్ని.

ఒకసారి నేను అలాంటిది పెడుతుంటే యజమాని చూశాడు.

"ఇదేటి భయ్యా?"

"వెలుగుని తగ్గిస్తుంది."

"తగ్గించీదా? దుకాణంలో కొని మరీ పాడుచేసుకుంటారేటి ఎవడైనా?" అని నవ్వి, మేనల్లుడి వైపు చూసి, "సున్ రహా హై? ఇంటున్నావా?" అన్నాడు. వాడూ నవ్వాడు. నేను బయటికి వెళ్ళి టీ తాగి వచ్చేలోపల ఆ బిరడా టేబులు సొరుగులో రబ్బరుబ్యాండ్ల మధ్య ఉంది. మళ్ళీ తీసి పెట్టాను. ఆ ఆఫీసులో నా ఉద్యోగమంతా అలాగే గడిచింది.

ఇక విశ్వకర్మ పూజ సంగతి. భిలాయిలో ఆ రోజు ఇనుము ముట్టినవాడెవడూ పూజ మానడు. ఆటో స్టాండు నుంచి లేతు మెషీను దాకా బంతిపూల దండే. నాన్న ఉక్కు ఫ్యాక్టరీ రైల్ మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఆ రోజు ప్లాంటు గేట్లు తెరిస్తే మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, తన మెషీనుని ఇంట్లో మనిషిని చూపించినట్టు చూపించేవాడు. ముందురోజే దాన్ని కిరసనాయిలుతో తుడిచి, గ్రీజు మార్చి, తర్వాత పై రేకు మీద మూడు వేళ్ళతో పసుపు, మధ్యలో కుంకుమ పెట్టేవారు. పూజని నేను తక్కువ చేయను. కానీ నాన్నా వాళ్ళూ బేరింగులో కుంకుమ పోయలేదు.

మా వాళ్ళు పోశారు. ఆ రోజు నేను ఆఫీసులో లేను. అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఆసుపత్రిలో ఆపరేషన్ చేయిస్తున్నాను. తర్వాత ఆమె ఇంటికొచ్చి మంచం దిగకుండా పడుకోవాల్సి వచ్చింది కాబట్టి సెలవు పొడిగించాను. ఈలోగా ఆఫీసులో పంతులు వచ్చాడు, కొబ్బరికాయ కొట్టాడు, లడ్డూలు పంచారు. ర్యాకుకి దండ వేశారు. మేనల్లుడు భక్తి పట్టలేక, పవర్ హౌస్ నుంచి మేముండే మరోదా అనే పేటకి వెళ్ళే గాజుపోగు కనెక్టరుని మాడ్యూల్‌లోంచి లాగి, దాని తెల్లటి మొన మీద బొట్టు పెట్టి, మళ్ళీ గుచ్చాడు. వెంట్రుక కన్నా సన్నటి గాజు ఉండేది సరిగ్గా ఆ మొనలోనే. దేవుడికి నుదురెక్కడుంటుందో తెలిసినవాడికి కనెక్టరుకి నోరెక్కడుంటుందో తెలియలేదు.

మరోదాలో మా ఇల్లూ చుట్టుపక్కల ఇళ్ళూ అన్నీ ఆ ఒక్క పోగు మీదే బతుకుతాయి. పోయే వెలుగూ వచ్చే వెలుగూ రెండూ అందులోనే. కుంకుమ అడ్డుపడి రెండువైపులా వెలుగు పడిపోయింది, నెట్టు ఆగిపోయింది. తుడిస్తే సరిపోయేది. కానీ యజమాని చేతిలో ఒకటే వైద్యం ఉంది కదా. ఉతై అనే ఊరి అవతల దూరపు లైనుకని తెప్పించి ఉంచిన, ఎనభై కిలోమీటర్లకు పనిచేసే మాడ్యూళ్ళు రెండు తీయించి, అయిదారు కిలోమీటర్ల ఈ లైనుకి రెండు చివరలా పెట్టించాడు. ఆ బలమైన వెలుగు కుంకుమని తోసుకుంటూ సగం చచ్చి బయటపడి, అవతలి రిసీవర్‌కి సరిగ్గా సరిపోయింది. నెట్టు వచ్చింది. మామా అల్లుళ్ళు మిగిలిన లడ్డూలు తిన్నారు. ఈ సంగతి ఇద్దర్లో ఒక్కడూ నాకు చెప్పలేదు.

మా పెద్దమ్మ పోయిందని బొబ్బిలి దగ్గర ఊళ్ళోంచి పొద్దున్నే ఫోను వచ్చింది. అమ్మకి ఆమె అక్క మాత్రమే కాదు. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మని చంకనేసుకుని పెంచింది ఆమే. పెళ్ళి చేసి నాన్నతో భిలాయి రైలెక్కించిందీ ఆమే. అమ్మ పెద్దగా ఏడవలేదు. గోడకి ఆనించిన తలగడ మీద తల అటూ ఇటూ తిప్పి, "నానెల్లాల్రా" అంది. వెళ్ళడం కుదరదని ఆమెకీ తెలుసు. మళ్ళీ తనే, "కడసూపైనా నేకపోతే ఎలగరా బాబూ" అంది.

అది నా చేతిలో పనే. ఆమె మంచం ఎదురుగా టీవీ ఉంది, నెట్టుంది. పెద్దమ్మ మనవడు ఊళ్ళో ఫోను పట్టుకుంటే ఇక్కడ టీవీలో కనిపిస్తుంది. మామూలు ఫోనులో చూపించడం కుదరదు. ఇల్లు నాన్న కట్టించాడు. ప్లాంటులో బతికినవాడు కాబట్టి స్లాబులో వంతెనకి పడేటంత ఇనుము వేయించాడు. మొబైలు సిగ్నలు మా ఇంట్లో వాకిలి దాటి లోపలికి రాదు, వాకిట్లో ఫోను పెట్టి హాట్‌స్పాట్ ఇచ్చినా లోపలికి అందదు. అమ్మ పడుకున్నది లోపలి గది, మంచంతో సహా మోయడానికి డాక్టరు ఒప్పుకోడు.

మనవడికి ఫోను చేసి ముందు ఓసారి కలిపి చూశాను. పెద్దమ్మని ఇంకా బయటికి తేలేదు, ఆడవాళ్ళు లోపల స్నానానికి నీళ్ళు కాస్తున్నారు. వాకిట్లో వేసిన షామియానా, కుర్చీలు, ఎవరో బంధువులు కనిపించారు. అమ్మ ఒక్కొక్కరినీ గుర్తుపట్టి, "అదిగో మా మరిది, ఎంత సిక్కిపోనాడో" అంటోంది. బొమ్మ మధ్యమధ్య ఆగుతోంది. ఆగి, గళ్ళుగళ్ళుగా విడిపోయి, మళ్ళీ కలుస్తోంది.

ఆఫీసుకి ఫోను చేసి మేనల్లుణ్ణి మరోదా లైను మీద వచ్చే వెలుగు మట్టమెంతో చదవమన్నాను. చదివాడు. అంచున ఉంది, ఊగుతోంది. తప్పులు పెరుగుతున్నాయి. ఎక్కడో కనెక్టరు మురికి పట్టిందని అర్థమైంది. ఈ స్థితిలో సరిగ్గా పెద్దమ్మని బయటికి తెచ్చే వేళకి తెగిపోతే? తీసుకెళ్ళేది మధ్యాహ్నం దాటాక అన్నారు, ఇంకా టైముంది.

"నేను ఆఫీసుకెళ్ళి సరిచేసి వస్తానమ్మా."

"వస్తంది కదరా, ఒగ్గీ" అంది అమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"సరిగ్గా రావట్లేదు కదా."

"నాకు సాల్లే."

నాకు చాలలేదు. బండి తీశాను.

ఆఫీసులో ముందు ర్యాకు చూశాను. దండ ఎండి తీగల మీద వేలాడుతోంది. మాడ్యూళ్ళ ముఖాలన్నీ పసుపుకుంకుమల ముద్ద. ఏది ఏ రకమో చెప్పే రంగు పిడులూ, చీటీలూ ఏవీ కనబడటం లేదు. "లైనులో ఏమైనా మార్చారా? మాడ్యూల్ గానీ ఏదైనా?" అని మేనల్లుణ్ణి అడిగాను. రెండోసారి హిందీలో కూడా అడిగాను.

"నై భయ్యా. హాత్ భీ నహీ లగాయా. ఏటీ ముట్టుకోనేదు" అన్నాడు వాడు, ఫోనులోంచి తలెత్తకుండా. దూరపు లైను మాడ్యూళ్ళు తీసేసుకున్నారని నాకు తెలిస్తే గొడవ చేస్తానని వాడి భయం. గొడవ తప్పించుకోవడానికి అబద్ధమాడాడు, అంతే. అంతకన్నా పెద్ద కారణం పట్టేంత చోటు వాడి బుర్రలో లేదు.

కనెక్టరు లాగాను. మొన మీద చక్కగా గుండ్రంగా బొట్టు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "ఇదెవడి పని?" అంటే, "సబ్‌కో లగాయా భయ్యా, అన్నిటికీ పెట్టినాం, దీన్నొక్కదాన్ని ఒగ్గీడం ఎందుకని" అన్నాడు, ఇంత చిన్న విషయానికి ఇంత కోపమా అన్నట్టు.

తుడిచాను. పొడిగుడ్డతో ఒకసారి, స్పిరిటుతో ఒకసారి, మళ్ళీ పొడిగుడ్డతో. ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా నేను ఏ కనెక్టరునీ తుడవలేదు. ఇంట్లో అమ్మ చూస్తోంది. మాడ్యూల్‌లో గుచ్చాను.

లైను కలిసిందని చెప్పే చిన్న దీపం వెలిగింది, ఒక్క క్షణం. తర్వాత ఆరింది. మళ్ళీ వెలగలేదు.

లాగి గుచ్చాను. ఏమీ లేదు. మాడ్యూల్‌నే బయటికి లాగి, ముఖం మీది పసుపు గోటితో గీకితే, కింద ఎనభై అన్న అంకె కనిపించింది. కుంకుమ అడ్డం లేకపోయేసరికి ఆ వెలుగంతా ఒక్కసారిగా వచ్చి లోపలి రిసీవర్‌ని మాడ్చేసింది. అటెన్యుయేటర్ చేయాల్సిన పని ఇన్నాళ్ళూ కుంకుమ చేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. అయితే మందు వేసిందొకడు, నాలుక ఊడింది ఇంకొకరికి.

"ఇదేమిటిరా?" అన్నాను.

"అదా... వెలుగు తక్కువొచ్చిందని మామయ్యే పెట్టమన్నాడు." తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న మొహమది.

"పాతవి ఎక్కడున్నాయి?"

పాతవి యజమాని పక్కనున్న దుర్గ్‌లో ఎవడికో వాడుకోమని ఇచ్చేశాడు. స్టాకులో ఇంకోటి లేదు. యజమాని ఫోను ఎత్తలేదు. నేను బండి మీద దుర్గ్ వెళ్ళి, ఆ ఎవడినో వెతికి, వాడు అన్నం తిని వచ్చేదాకా దుకాణం ముందు నిలబడ్డాను. ఇంటి నుంచి మా ఆవిడ ఫోను. "ఏవండీ, టీవీ బంద్ అయిపోయింది. అత్త అడుగుతున్నారు, ఎప్పుడొస్తుందని." వచ్చేస్తుందని చెప్పమన్నాను. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఆమె నన్నేమీ అడగలేదు. వాకిట్లో నిలబడి, అమ్మ ఫోనులో నాకు లైను కలిపి ఉంచి, తన ఫోనులో ఊళ్ళోది చూస్తూ, తలుపులోంచి లోపలికి కేకేసి చెబుతోందని మాటల్ని బట్టి తెలిసింది. "అత్తా, బయటికి తెచ్చారు. అత్తా, కొత్త చీర కప్పుతున్నారు. అత్తా, పాడె లేపారు." నేను దుర్గ్‌లో రోడ్డు మీద నిలబడి, మా పెద్దమ్మ వెళ్ళిపోవడం మా ఆవిడ గొంతులో విన్నాను.

మాడ్యూళ్ళు రెండు చివరలా మార్చి లైను తెచ్చేసరికి ఊళ్ళో అంతా అయిపోయింది.

యజమాని అప్పుడు వచ్చాడు. నేను జరిగినదంతా వివరించాను. రిసీవర్, హద్దులు, కుంకుమ, మాడ్యూల్, మేనల్లుడి అబద్ధం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు జాలిగా నన్ను చూశాడు.

"పూజ రోజు నుంచీ ఇయాల్టి దాకా నడిసిందా, నేదా?"

"నడిచింది. కానీ..."

"నువ్వు కుంకం తుడిసినావు. ఆగిపోనాది. ఇంకేటి సాచ్చికం కావాలి భయ్యా నీకు?"

కుంకుమ ఉన్నన్నాళ్ళూ నడిచింది, తుడిచాక ఆగింది. రెండూ నిజమే. వెధవల నోటి నుంచి నిజం రాదని ఎక్కడా రాసిపెట్టి లేదు. వస్తుంది, తప్పు కారణంతో వస్తుంది, అప్పుడు దాన్ని ఎవడూ కదపలేడు. ఆ సాయంత్రమే ఆయన హుకుం జారీ చేశాడు: ఇకమీదట పూజ చేసిన మెషీను మీద ఎవడూ గుడ్డ వేయకూడదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను తుడిచిన కనెక్టరుకి ఆయనే స్వయంగా మళ్ళీ బొట్టు పెట్టాడు. గురి తప్పి మొన మీద కాకుండా పక్కన ప్లాస్టిక్ మీద పడింది కాబట్టి లైను నడిచింది. అది కూడా దేవుడి దయ ఖాతాలోకే వెళ్ళింది.

అంతటితో ఊరుకోలేదు. మర్నాడు పరామర్శకని ఆపిల్ పళ్ళు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అమ్మ మంచం పక్కన కూర్చుని, మా వాళ్ళ భాషలోనే, ఎంతో ప్రేమగా, "నానెంత బాధ పడ్డానో అమ్మా. దేవుడి మీద పెట్టిన కుంకం. మీవోడు సదువుకున్నోడు కదా, తుడిసీసినాడు" అని చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఆయన్ని లేపి బయటికి నెట్టాలనిపించింది. అమ్మ మాత్రం ఆయన చెప్పిందంతా వింది, "టీ తాగెళ్ళు బాబూ" అంది.

పెద్దమ్మ మనవడు తీసిన వీడియో పంపాడు. టీవీలో పెడతానంటే అమ్మ వద్దంది. "అది కడసూపు కాదురా. మా అప్ప అప్పటికే బూడిదైపోనాది. నేని మనిసిని సూసీదేటి?"

నేను ఆ ఉద్యోగం మానేశాను. మానేశానని యజమానికి చెప్పిన రోజు మధ్యాహ్నం, అమ్మకి అన్నం తినిపిస్తుంటే, ఆమె నా చెయ్యి ఆపింది.

"ఒరే, ఒక మాట అడుగుతాను. నిజం సెప్పు. నువ్వా కుంకం తుడవకపోతే, ఆ పూటకి నడిసీదేనా?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. రిసీవర్ అంటే ఏమిటో, వాళ్ళు పెట్టిన మాడ్యూల్ ఎందుకు పెట్టకూడనిదో, నేను రెండుసార్లు అడిగినా ఆ మేనల్లుడు ఎలా అబద్ధమాడాడో. ఇద్దరూ ఎంత మూర్ఖులో ఆమెకి అర్థమయ్యేలా, తేలిక మాటల్లో, చాలాసేపు చెప్పాను. అమ్మ మధ్యలో అడ్డు రాకుండా అంతా వింది.

"అవన్నీ నాకెందుకురా నాయినా. నడిసీదా, నేదా?"

"నడిచేదమ్మా."

"అయితే మా అప్పని సూసీదాన్ని" అంది. అన్నం చాలని చేత్తోనే చెప్పి, మొహం గోడ వైపు తిప్పుకుంది.